ఫారంలో లేని గవాక్షి

ఏడు అర్జీలు పెట్టాను. ఏడింటి మీదా మున్సిపాలిటీ ముద్ర పడింది. జవాబు ఒక్కదానికీ రాలేదు. మొదటి అర్జీ ఇచ్చిన రోజు కౌంటర్లో ఉన్నాయన ముద్ర వేస్తూ ఫోన్లో ఎవరితోనో మామిడికాయల గురించి మాట్లాడుతున్నాడు. తల ఎత్తలేదు. ఐదోసారి ఎత్తాడు గానీ, నన్ను చూడ్డానికి కాదు, నా వెనక నిలబడిన మనిషిని చూసి నవ్వడానికి. ఇవన్నీ నాకు గుర్తుంటాయి. ఇట్లా గుర్తుంచుకోవడం ఒక రోగమని నా భార్య అంటుంది. కావచ్చు. అర్జీలో రాయడానికి కుదరని సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని ఇక్కడ రాస్తున్నాను, చదివేవాళ్లయినా వింటారని.

కిందటేడు ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. ఉన్న ఇంటికి ఒక గది కలుపుకునేవాళ్లకు, పైన మిద్దె లేపుకునేవాళ్లకు నిబంధనలు సడలించింది. సందు ఎంత ఇరుకైనా సరే, పక్కన ఖాళీ జాగా వదలకపోయినా సరే. ప్లాను గీయించి, తన కట్టడం వల్ల ఎవరికీ ఇబ్బంది లేదని యజమానే రాసి సంతకం పెట్టి, ఉమ్మడి గోడైతే పక్కింటి సంతకం ఒకటి జతచేస్తే చాలు. చూడ్డానికి ఎవరూ రారు. గడువు లోపల పని మొదలుపెట్టాలి, అంతే. ఇళ్లు లేస్తే సిమెంటు, ఇనుము అమ్ముడుపోతాయి, మేస్త్రీలకు కూలీలకు పని దొరుకుతుంది, బజారు కళకళలాడుతుంది. పేపర్లో చదివి నేనూ బాగుందనే అనుకున్నాను. లేపుకునేవాడి గురించి అందరూ రాశారు. పక్కింటివాడి గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఆ పక్కింటివాణ్ని నేను.

మాది బేతంచెర్ల వైపు ఒక చిన్న పట్నం. పేరు రాయను. రాస్తే ఇప్పుడున్న ఆఫీసరు తన మీదే రాశానంటాడు, నా అసలు మాట అక్కడే ఆగిపోతుంది. నేను ఇరవై రెండేళ్లు నాపబండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేశాను. లారీకి ఎక్కే ముందు ప్రతి బండనూ చూసి, పగులున్నవి పక్కన పెట్టించడం నా పని. మోకాళ్లు పట్టేశాక మానుకున్నాను. ఈ సడలింపు వచ్చినాక ఫ్యాక్టరీ ముందు లారీలు బారులు తీరాయని నా వెంట పనిచేసినవాళ్లు చెప్పారు. మూలనపడిన మిషను ఒకటి మళ్లీ తిరుగుతోందట. అది అబద్ధమని నేను అనను.

మా సందులో ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ, రెండడుగుల మందం, రాయీ మట్టీ. సగం వాళ్లది, సగం మాది. ఆ గోడకు ఎవరూ కిటికీ పెట్టరు, పెడితే పక్కవాళ్ల పడకలోకి చూసినట్టే. ముందు వాకిలి, వెనక దొడ్డి, నడిమింట్లో చీకటి. అందుకే మా పెద్దలు పైకప్పులో గవాక్షి పెట్టారు. జానెడు వెడల్పు, మూరెడు పొడవున్న రంధ్రం, చుట్టూ రాతి కట్టు. వాన పడితే మిద్దె ఎక్కి దాని మీద బండ జరపాలి, వెలిశాక మళ్లీ ఎక్కి తీయాలి. మా వైపు పడే వానలకు ఆ బండ జరిపే రోజులు ఏడాదిలో చాలా తక్కువ.

నా భార్య కుట్టుమిషను ఆ గవాక్షి కిందే ఉంటుంది, మా పెళ్లయిన రెండో ఏడు నుంచీ. జాకెట్లు కుడుతుంది. పొద్దున తొమ్మిదికి వెలుగు పడమటి గోడ మీద పడుతుంది. పది దాటితే నేలకు దిగుతుంది. పదకొండు నుంచి రెండు దాకా మిషను మీద నిలుస్తుంది. తర్వాత బియ్యం డబ్బా వైపు వెళ్లిపోతుంది. గుడ్డకు దారం రంగు కలపడం ఆమె ఆ మూడు గంటల్లోనే చేస్తుంది. గుడ్డనూ దారపు కండెనూ పైకెత్తి, వెలుగులో తిప్పి తిప్పి చూస్తుంది. ట్యూబులైటు కింద మెరూనూ కాఫీ రంగూ ఒకటిగా కనబడతాయట. నాకైతే ఎక్కడైనా ఒకటిగానే కనబడతాయి. ఆమెకు అట్లా కాదు. ఆ కన్ను కోసమే జనం ఈ ఇరుకు సందులోకి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

పన్నెండేళ్ల కిందట ఆమె కోసమే పైన ఒక గది వేద్దామనుకున్నాను. నాలుగు స్తంభాలు, మూడు కిటికీలు. ప్లాను గీయించుకొని ఆఫీసుకు వెళ్తే, సందు వెడల్పు చాలదన్నారు. ఒక్కసారి వచ్చి చూడండి సార్ అని నేను బతిమాలుతుంటే, ఆ సెక్షన్ గుమాస్తా కుర్చీలో వెనక్కి వాలి, "ఏమప్పా, నీ మిద్దె కోసరం చట్టం మార్చల్లనా?" అన్నాడు. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. వాళ్లలో ముగ్గురి ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తు. ఒకాయన కింది పెదవికి సున్నం అంటుకొని ఉంది. అప్పుడు మారనన్న చట్టం ఇప్పుడు మారింది. నన్ను అడిగీ కాదు, నా కోసమూ కాదు.

దక్షిణం పక్క ఇంటాయనకు బజార్లో సిమెంటు దుకాణం ఉంది. నాకంటే పదేళ్లు చిన్న, అన్నా అని పిలుస్తాడు. పాత మిద్దె తీసేసి స్లాబు వేసుకొని చాలా ఏళ్లయింది. సడలింపు వచ్చిన కొన్నాళ్లకు, ఒక పొద్దున మా గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

మా సందులో ఒక పద్ధతి ఉంది. ఉమ్మడి గోడ మీద చెయ్యి వేసేవాడు అవతలి ఇంటి గడప దగ్గరికి వచ్చి ఒక మాట చెప్పాలి. విన్నవాడు సరే అనాలి. ఎంత ఎత్తు, ఎంత పొడవు అని అడగకూడదు. అడిగితే, నిన్ను నమ్మడం లేదని ముఖాన చెప్పినట్టు. పెద్దల నాటి నుంచీ ఇట్లాగే నడిచింది. అప్పట్లో లేపేది కూడా పిట్టగోడ ఎత్తుకు రెండు వరసల రాయే.

"అన్నా, గోడ మింద రొంత లేపుతాండా. నీకు చెప్పకుండా యాడ చేస్తా చెప్పు," అన్నాడు.

"లేపుకోప్పా. దానికేముండాది," అన్నాను.

"ఈడ ఒక సంతకం పెడితివంటే ఆఫీసులో ఇచ్చేస్తా. ఊరక, పద్ధతి కోసరం."

కళ్లద్దాలు లోపల ఉన్నాయి. తెచ్చుకోలేదు. తలుపుకు ఆనించి సంతకం పెట్టాను. నిజం చెప్పాలంటే ఆ పొద్దు నాకు సంతోషంగా ఉంది. ఏ పనికైనా ఎవరైనా నన్ను ఒక మాట అడిగి ఎన్నాళ్లయిందో! రొంత అంటే కొంచెమే గదా అనుకొని, అడిగాడన్న సంబరంలో ఏం అడిగాడో చూడలేదు. టీ కూడా తాగి పొమ్మన్నాను.

ఆయన వెళ్లాక నా భార్య మిషను ఆపి, "ఎంత ఎత్తంట?" అంది.

"అట్ల అడుగుతారా ఎవరన్నా?"

"నేనైతే అడుగుతా."

పని మొదలైంది. మేస్త్రీ కోసిగి ఊరివాడు, భార్యతో కలిసి వచ్చాడు. ఆమె సిమెంటు మాలు అందిస్తే ఇతను గోడ కడతాడు. మొదటి వారం గోడ మోకాలెత్తు లేచింది. అప్పటికి ఇబ్బంది లేదు. నడుమెత్తు వచ్చేసరికి మిషను మీద వెలుగు రెండు గంటలే నిలిచింది. అది చలికాలం, పొద్దు దక్షిణానికి వంగి నడిచే కాలం. నా భార్య మిషనును ఒక అడుగు ఉత్తరానికి జరిపింది. నాలుగు రోజులకు మళ్లీ ఒక అడుగు జరిపింది. ఆ తర్వాత జరపడానికి చోటు లేదు, ఉత్తరం గోడ వచ్చేసింది.

నేను ఇంట్లో కూర్చోలేకపోయాను. సందు చివరికి నడిచేవాణ్ని, తిరిగి వచ్చేవాణ్ని. వచ్చిన ప్రతిసారీ గోడ ఒక వరస పెరిగినట్టుండేది. ఎక్కడ చూసినా ఇసుక కుప్పలు, ఇనుప చువ్వలు, మిక్సరు చప్పుడు. గడువు లోపల మొదలుపెట్టాలని ఊరు ఊరంతా ఇళ్ల మీదికెక్కింది. ఒకరోజు పట్టలేక, మోకాళ్లు ఏడుస్తున్నా నేనూ మిద్దె ఎక్కాను.

"ఏమప్పా మేస్త్రీ, ఇంగెంత లేపుతావు?"

"పదడుగులు సామీ. దాని మింద స్లాబు. స్లాబుకు నీ పక్క రెండడుగులు సజ్జ."

"నా గవాక్షి కనపడల్యా నీకు?"

అతను వంగి చూశాడు. "ఎందుకు కనపడదు? అడుగున అక్క కుడతాండేది గూడా కనపడతాండాది. నేనేం చేసేది సామీ, గీత గీసినోడు ఇంజనీరు, దుడ్లిచ్చేది ఆయప్ప."

ఆపమని గట్టిగా చెప్పబోయాను. అంతలో అతని భార్య మాలు బొచ్చె దించి, పైట కొంగుతో ముఖం తుడుచుకుంటూ అంది: "ఈ యేడు మేము సుగ్గికి పోలేదన్నా. ఏటా దసరా దాటితే ఇంటికి తాళమేసి మిరపకాయలు తెంపేకి పోతాంటిమి. పాప బడి ఆడికి నిలిచిపోతాండె. ఈసారి బడి మానల్యా, మా అత్త తావ ఉండి పోతాండాది. ఈ మిద్దె అయితే నీ వెనక సందులో ఇంగో మిద్దె ఉండాది."

ఆపమని చెప్పడానికి ఎక్కినవాణ్ని, మంచినీళ్లు కావాలా అని అడిగి దిగాను. ఈ సంగతి నా అర్జీల్లో ఒక్కదాంట్లోనూ రాయలేదు. రాస్తే నా ఫిర్యాదుకు బలం తగ్గుతుందని దాచాను.

స్లాబు పడింది. సజ్జ మా మిద్దె మీదికి చాచుకొని వచ్చింది, సరిగ్గా గవాక్షికి గొడుగు పట్టినట్టు. పదకొండు గంటలకు కూడా నడిమింట్లో లైటు వేయాల్సి వచ్చింది. దుకాణానికి వెళ్లి ఆయన్ని అడిగాను.

"నువ్వు సరే అంటివి గదన్నా," అన్నాడు, సిమెంటు మూటల లెక్క ఆపకుండా.

"రొంత లేపుతా అంటివి. మిద్దె మింద మిద్దె రొంతనా?"

"నువ్వు అడిగింటే చెప్తాంటిని." కాస్త ఆగి నవ్వాడు. "అయినా మంచిదే అయ్యె గదన్నా. వానొస్తే మోకాళ్ల నొప్పులతో మిద్దె ఎక్కే పని తప్పె నీకు."

దుకాణంలో ఉన్న కూలీలు కూడా నవ్వారు. అక్కడ ఇద్దరు ఉన్నారు. వాళ్ల ముఖాలు కూడా నాకు గుర్తున్నాయి.

ఆ నెలలోనే ఒక టీచరమ్మ జాకెట్టు వెనక్కి తెచ్చింది. కోపంగా లేదు, నొచ్చుకుంటూ చెప్పింది. "అక్కా, మెరూన్ జాకెట్టుకు కాఫీ రంగు దారం ఏసినావు. పెండ్లి ఫొటోల్లో చేతుల కాడ గీతలు గీసినట్టు పడినాది." నా భార్య జాకెట్టు అందుకుంది. అరుగు మీద ఎండలో కూర్చొని ఒక్కో కుట్టూ విప్పింది. ఇన్నేళ్లలో ఆమె చేతి గుడ్డ ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ తర్వాత ఇంకో మూడు వచ్చాయి. రంగు చూడాల్సి వచ్చినప్పుడల్లా కండె పట్టుకొని వీధిలోకి పరుగెత్తేది, మళ్లీ లోపలికి వచ్చేది. హెమ్మింగు పని అరుగు మీద చేద్దామంటే ఇసుక దుమ్ము. పట్టు గుడ్డలు తెచ్చేవాళ్లు మానేశారు. బజార్లో అద్దాల తలుపుల టైలరు షాపు ఒకటి ఉంది, అక్కడికి పోతున్నారని తెలిసింది.

అప్పటికి పెట్టిన ఆరు అర్జీలకూ జవాబు రాకపోతే, ఆఫీసులో నేరుగా ఇంజనీరు దగ్గరికే వెళ్లాను. కొత్త ఇంజనీరు కుర్రవాడే, మా ప్రాంతం వాడు కాదు. కూర్చోమన్నాడు. ఈ ఆఫీసులో నన్ను కూర్చోమన్న మొదటి మనిషి అతనే, ఆ మాట రాయాలి. ప్లాను తీసి చూశాడు.

"ఆ గోడకు మీ వైపు కిటికీ ఉందాండీ?"

"లేదు సార్. గవాక్షి ఉండాది."

"అంటే వెంటిలేటరా?"

"గోడకు కాదు సార్, మిద్దెకు. నెత్తిన."

"అంటే రూఫులో బొక్క."

"బొక్క కాదు సార్, గవాక్షి. మా తాత పెట్టించినాడు."

అతను ఫారం నా వైపు తిప్పి చూపించాడు. తలుపులకు ఒక గడి ఉంది, కిటికీలకు ఒక గడి, వెంటిలేటర్లకు ఒక గడి. అన్నీ గోడల గురించే. "చూడండి, మీ గోడకు కిటికీ లేదని ఉంది. అది నిజమే కదా. లేని కిటికీకి వెలుతురు ఎలా పోతుందండీ? పైగా మీ సంతకం కూడా ఉంది." సజ్జ సంగతి అడిగితే, సజ్జ లెక్కలోకి రాదన్నాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు: "పెద్దాయనా, నా మాట వినండి. మీరు కూడా పైన వేసేసుకోండి. సందు రూలు ఇప్పుడు అడ్డం లేదు. గడువు ఇంకా నెలన్నర ఉంది."

అతను మంచికే చెప్పాడు. నాకు అందుకే ఎక్కువ కోపం వచ్చింది. పన్నెండేళ్లు నేను మోసిన మాటను, బస్సు టైము చెప్పినట్టు చెప్పేశాడు.

ఇంటికి వచ్చి చెబితే నా భార్య ముఖం వెలిగింది. "ఆ గవాక్షి పోతే పోనీలే. పైన కిటికీల గదొస్తాది. మిషను పైకి ఎక్కిద్దాం," అంది. ఆమె నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం నాకు తెలిసి అదే మొదలు. మేస్త్రీని పిలిచాను. తాడు పట్టుకొని మిద్దె మీద కొలతలు తీశాడు. గడువు లోపల తప్పకుండా మొదలుపెడతానని మాటిచ్చాడు. కొలత తాడు ఉత్తరం గోడకు చేరినప్పుడు నేను అటు చూశాను. ఉమ్మడి గోడకు మూరెడు అవతల ఇంకో గవాక్షి ఉంది. కట్టు చుట్టూ సున్నం గీత శుభ్రంగా గీసి ఉంది.

ఆ ఇంట్లో ఒక ముసలామె ఒంటరిగా ఉంటుంది. భర్త పోయాడు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు కూలికి పోయింది. ఇప్పుడు ఆదివారం చర్చికి, మిగతా రోజులు ఇంట్లో. నేను పెద్దమ్మా అని పిలుస్తాను. మా మిద్దె లేస్తే ఆమె గవాక్షికి దక్షిణపు వెలుగు పోతుంది. అది కొలవడానికి తాడు అక్కర్లేదు.

పద్ధతి ప్రకారం ఆమె గడప దగ్గరికి వెళ్లాను. జేబులో సంతకం పెట్టించుకోవాల్సిన కాగితం ఉంది. ఆమె గవాక్షి కింద పీట వేసుకొని, పెద్దక్షరాల బైబిలు ఒళ్లో పెట్టుకొని చదువుతోంది. వెలుగు సరిగ్గా ఆ పేజీ మీద ఉంది.

"ఏం నాయనా, నిలబడే ఉండావు? లోపలికి రా."

"పెద్దమ్మా, గోడ మింద లేపల్లని ఉండా."

"లేపుకో నాయనా. నీ పెండ్లాము చీకట్లో కండ్లు పోగొట్టుకుంటాండాది. ఇది గూడా అడగాల్నా?"

"ఎంత ఎత్తని అడుగు పెద్దమ్మా."

"ఏంటికి అడిగేది? నువ్వు పరాయోనివా?"

నేను అక్కడే నిలబడ్డాను. చివరికి చెప్పాను, మిద్దె మీద మిద్దె లేస్తుందని, ఆమె గవాక్షి చీకటి పడుతుందని. ఆమె తలెత్తి పైకి చూసింది. చదువుతున్న చోట వేలు పెట్టి పుస్తకం మూసింది.

"అయితే మధ్యాన్నం పూట మీ అరుగు మింద కూచుంటాలే," అంది. "మీ ఇంటామె కిందికి దిగినప్పుడు ఇద్దురం మాట్లాడుకుంటాం. కాగితం తెచ్చినావా? చెయ్యి వణుకుతాది, సంతకం వంకర పోతే ఏమనుకోవద్దు."

కాగితం తేలేదని అబద్ధం చెప్పి వచ్చేశాను.

నా భార్యకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె చాలాసేపు ఖాళీ మిషను తొక్కింది, గుడ్డ లేకుండా. "ఆమె సరే అనింది గదా," అంది. అంది గానీ నా ముఖం చూడలేదు. మరునాడు కాఫీ కలుపుతూ మళ్లీ అడిగింది: "ఊరందరికీ అర్జీలు రాస్తావు. నాకేం చెప్తావు?" ఆ పొద్దే ఏడో అర్జీ రాశాను. గవాక్షికి మీ ఫారంలో ఒక గడి పెట్టండి, సజ్జను ఒకరు వచ్చి చూడండి, పక్కింటి వెలుగును కూడా లెక్కలోకి తీసుకోండి అని రాశాను. ముద్ర వేశారు.

ఇప్పుడు గడువుకు పదకొండు రోజులున్నాయి. మేస్త్రీ రోజూ పొద్దున అరుగు దగ్గర ఆగి, "ఏం సామీ, మొదలుపెడదామా?" అంటాడు. అతనికీ పని కావాలి. నేను రేపు చెప్తానంటాను. నేను లేపితే పెద్దమ్మ ఇల్లు చీకటి. ఆమె ఇంటికి అవతల ఇంకో గవాక్షి ఉంది, వాళ్లకూ ఇదే కాగితం, ఇదే గడువు. లేపకపోతే నా భార్య కుట్టు ఆగిపోతుంది. సడలింపు మీరు ఇచ్చారు. తేల్చుకునే పని మాత్రం మా గడపల మీద పడేసి వెళ్లిపోయారు.

అందుకని అడుగుతున్నాను. ఆఫీసరు గారైనా, ఆ ఇంజనీరైనా, ఈ నిబంధన రాసిన మనిషైనా సరే, ఎవరో ఒకరు ఈ పదకొండు రోజుల్లో రండి. ముద్ర వద్దు, ఫోను వద్దు. పదకొండు గంటలప్పుడు రండి. ముందు మా నడిమింట్లో నిలబడి చూడండి. తర్వాత పక్కింటి గడప దగ్గరికి వెళ్లి, ఆ ముసలామె ముఖం చూసి, నేను గోడ లేపాలో వద్దో మీ నోటితో చెప్పండి. నాకు జవాబు కావాలి.